గర్భగుడిలో వంట తగదు

2024 జూలై 19న మన కాలమానంలో ఉదయం 9.39కి భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ దాడులను గుర్తించే నియమాలున్న ఒక చిన్న డేటా ఫైలును ఖాతాదారుల యంత్రాలకు పంపింది. వెనక్కి తీసుకునేసరికి 78 నిమిషాలు గడిచాయి. దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

జరిగిన తప్పు చిన్నదే. కొత్త నియమం 21వ విలువను పోల్చమంది. సెన్సర్, అంటే యంత్రంలో ఉండే ఆ సంస్థ సాఫ్ట్‌వేర్, అందించినవి 20. పాత నియమాల్లో ఆ 21వ గడిలో ‘ఏదైనా సరే’ అన్న గుర్తు ఉండేది కనుక అటు ఎవరూ చూడలేదు. ఈసారి చూడబోతే అక్కడ చోటే లేదు. మామూలు ప్రోగ్రాములో ఇలా జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే పోతుంది. ఇది కెర్నెల్‌లోని, అంటే ఆపరేటింగ్ సిస్టం గర్భగుడిలోని డ్రైవరు. అక్కడ తప్పితే యంత్రమే కూలుతుంది. పైగా ఇది యంత్రం బూట్ అవుతూనే లేచేది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ కూలింది. కనీస డ్రైవర్లతో లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డరులో 291 నంబరు ఫైలు తుడిచేయాలి. చాలాచోట్ల యంత్రం యంత్రం దగ్గరికీ మనిషి నడిచాడు.

ఫైలు తెరవడాన్ని ఆపగల కొక్కెం కెర్నెల్‌లోనే ఉండాలి, కాదనం. బయటి నుంచి వచ్చిన ఫైలును విప్పి చదివే పనికి అక్కడ చోటెందుకు? ఇది పాత జబ్బే. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 వేగం కోసం గ్రాఫిక్స్‌ను కెర్నెల్‌లోకి తెచ్చింది. ఫాంట్లు చదివే కోడ్ దాంతోపాటే వచ్చి ఏళ్ల తరబడి దాడులకు దారిచ్చింది. విండోస్ 10లో గానీ దాన్ని వేరే ప్రాసెస్‌లోకి నెట్టలేదు. లినక్స్ 2.4లో వెబ్ సర్వరే కెర్నెల్‌లో ఉండేది! తర్వాత తీసేశారు, ఎవరూ ఏడవలేదు.

కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాములు నడిచే యూజర్ స్పేస్ ఊరికే రాదు. ఫైల్ సిస్టంను కెర్నెల్ బయట నడిపే లినక్స్ ఏర్పాటు ఫ్యూజ్‌లో, కాషెలో (తాత్కాలిక నిల్వలో) లేని ప్రతి రీడ్‌కూ కెర్నెల్ నుంచి డీమన్‌కు (వెనక నడిచే ప్రోగ్రాముకు), అక్కడి నుంచి వెనక్కు ప్రయాణం తప్పదు. డీమన్ చస్తే ఆ మౌంట్, అంటే దాని ద్వారా తగిలించిన ఫైళ్ల భాగం, ఒక్కటే పోతుంది. విప్పి మళ్లీ మౌంట్ చేస్తే సరి. అసలు చిక్కు, ఫైలు తెరవొచ్చా అని కెర్నెల్ బయటి భద్రతా స్కానరును అనుమతి అడిగే చోట ఉంది. స్కానరు జవాబు కోసం కెర్నెల్ ఆగితే, ఆ స్కానరే తెరిచిన ఫైలుకు మళ్లీ స్కానరునే అడగాల్సి వస్తే, రెండూ బిగుసుకుపోతాయి. అందుకే స్కానరు సొంత ఫైళ్లకు మినహాయింపు, జవాబుకు గడువు, గడువు దాటితే వదలాలా ఆపాలా అన్న నిర్ణయం ముందే రాసుకోవాలి.

ఆపిల్ 2019లో మాక్‌ఓఎస్ కాటలీనాతోనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు కెర్నెల్ బయట దారి వేసింది. మైక్రోసాఫ్ట్ మాత్రం ఐరోపా కమిషన్‌కు 2009లో ఇచ్చిన మాటను అడ్డంకిగా చూపింది. ఆ మాట సారాంశం తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కున్న వసతే ఇతరులకూ ఇవ్వాలని. తానూ కెర్నెల్ బయటికి వస్తే మాట తప్పినట్టు కాదు. 2025లో ఆ దిశగా పరిమిత పరీక్ష మొదలుపెట్టింది. అందులో మైక్రోసాఫ్ట్ సొంత భద్రతా సాఫ్ట్‌వేర్ డిఫెండర్‌కు వేరే తలుపు ఉండకూడదన్నది మా డిమాండ్.

ఈలోగా కొనే కార్యాలయాలు టెండరులోనే అడగాలి: బయటి ఫైలును కెర్నెల్‌లో ఏ కోడ్ చదువుతుంది? నియమాల ఫైళ్లు కూడా ముందు కొద్ది యంత్రాలకు, తర్వాతే అందరికీ వెళ్తాయా? తమను తాము అడగాల్సింది మరొకటుంది: డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ను తెరిచే రికవరీ కీలు ఎక్కడున్నాయి? ఆ రోజు కొన్నిచోట్ల అవి కూలిన సర్వర్‌లోనే ఉన్నాయి.