బండిగారు ఎంత పుచ్చుకున్నారండీ?

మా గోదారి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి ఎన్ని గారెలు తిన్నాడో లెక్కపెట్టడం మహాపాపం. విస్తట్లో ఖాళీ కనపడితే వెయ్యాలి, వద్దంటే ఇంకో రెండు వెయ్యాలి, చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పొయ్యాలి. ఇలాంటి గడ్డ మీద పుట్టి కూడా కొంతమంది ఈమధ్య పొద్దున్నే బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, పాత లుంగీ ముక్కతో తుడిచి, మళ్ళీ ముంచి లాగి, ఇంజను ఎంత ఆయిల్ తాగిందా అని కళ్ళు చిట్లించుకుని చూస్తున్నారు. ఇది మన సంస్కారం కాదని మనవి చేసుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ.

ఒకప్పుడు నేనూ ఆ పాపం చేసినవాణ్ణే, దాచను. మొన్న సంక్రాంతికి అత్తారింటికి వెళ్తూ రావులపాలెంలో హైవే దిగి కాలవగట్టు రోడ్డు పట్టుకున్నాను. మలుపు తిప్పినప్పుడల్లా స్టీరింగు వెనకాల ఎర్రగా ఒక దీపం, ఆ నూనె కూజా బొమ్మ ఉంటుందే అది, వెలిగి ఆరుతోంది. "పండగ కదండీ, అది కూడా దీపం పెట్టుకుంది" అంది మా ఆవిడ. ఆపి చూస్తే డిప్‌స్టిక్ చివర చెమ్మ కూడా లేదు. ఆయిల్ మార్చి ఆరు వేల కిలోమీటర్లే అయింది. ఇంటి దగ్గర గచ్చు మీద మరక లేదు, వెనకాల పొగ లేదు. మరి అంత ఆయిల్ ఎటు పోయినట్టు?

పండగయ్యాక సర్వీసు సెంటరుకి తీసికెళ్తే అక్కడి కుర్రాడు కంగారు పడలేదు సరికదా, నా కంగారు చూసి జాలిపడ్డాడు. "ఆయిల్ తీసుకోవడం నార్మలే సార్" అని మాన్యువల్ తెరిచి, చీమ తలకాయంత అక్షరాల దగ్గర వేలు పెట్టాడు. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు వరకు వాడుకోవచ్చట. కొన్ని కంపెనీలు లీటరు దాకా కూడా రాసుకుంటాయి, వాళ్ళు మరీ పెద్దమనసున్న వాళ్ళు.

నేను లెక్కల మాస్టారి కొడుకుని, ఊరుకోలేను. నా ఇంజనులో పట్టేదే మూడున్నర లీటర్లు. ఆయిల్ మార్చేది పది వేల కిలోమీటర్లకి. వెయ్యికి అర లీటరు చొప్పున పది వేలకి ఐదు లీటర్లు. అంటే బండి తనకి పోసిందంతా తాగేసి, పైన ఇంకో లీటరున్నర అప్పు చేసి తాగినా నార్మలే! డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ మధ్య చాలా బళ్ళలో లీటరు తేడా ఉంటుంది కాబట్టి, నిండుగా పోసుకుని బయల్దేరినా ఈ నార్మల్ లెక్కన రెండు వేల కిలోమీటర్లకి కింది గీతకి వచ్చేస్తాం. అమలాపురం నుంచి హైదరాబాదు రెండుసార్లు వెళ్ళొస్తే దగ్గర దగ్గర సరిపోయింది. ఆ తర్వాత పది వేల దాకా ఆగమని చెప్పిన పుస్తకమూ అదే.

నా మొహం చూసి వాళ్ళు పరీక్ష పెట్టారు. పై గీత దాకా పోసి, మూతకీ డిప్‌స్టిక్‌కీ సీలు వేసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నారు. పనీ పాటా లేకుండా తణుకూ, భీమవరం, నరసాపురం, మళ్ళీ తణుకూ. తీరా వెళ్తే కొలిచి చూసి, "నాలుగువందల యాభై మిల్లీలీటర్లే సార్, లిమిట్ లోపలే ఉంది" అన్నాడు, అమ్మాయికి ఫస్టు క్లాసొచ్చిందని చెప్పినట్టు. యాభై మిల్లీలీటర్లు తక్కువ తాగినందుకు బండికి దిష్టి తియ్యాలేమో అనిపించింది.

అసలు దాన్ని తప్పు పట్టడానికి లేదు. పిస్టనుకి మూడు రింగులుంటాయి. పై రెండూ ముఖ్యంగా గ్యాసు కిందికి దిగకుండా చూస్తాయి, మూడోది ఆయిల్ రింగు, సిలిండరు గోడ మీద ఆయిల్‌ని గీకి కిందికి పంపుతుంది. మనం ఏ బండి చూసినా మొదట అడిగేది "ఎంతిస్తుందండీ?" అనే కదా. ఎక్కువివ్వడానికి కంపెనీ రింగుల బిగువు తగ్గించింది, రాపిడి తగ్గాలని ఆయిల్ని మంచినీళ్ళలా పల్చన చేసింది. ఆ రింగు వెనకాల ఆయిల్ దిగే సన్న కంతల్లో మసి పేరుకుంటే గీకిన ఆయిల్ కిందికి పోలేక పైనే కాలిపోతుంది. వాల్వు సీళ్ళు గట్టిపడితే రాత్రంతా కారిన చుక్కలు పొద్దున్న స్టార్టు చెయ్యగానే నీలం పొగ ఒక్క గుక్క వదులుతాయి. ఇంకొంత ఆవిరై ఇంజను గాలితోపాటు మళ్ళీ లోపలికే పోతుంది. కొంచెం కొంచెంగా పోతున్నంతకాలం పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే కన్వర్టరు దాన్ని కనపడనివ్వదు, పైగా ఆయిల్లోని భాస్వరానికి అదే మెల్లగా పాడవుతుంది. అదెంతవుతుందో మాత్రం అడక్కండి, భోజనం వేళ.

ఊళ్ళో తిరిగే బళ్ళది ఇంకో నాటకం. రోజూ మార్కెట్టు దాకా వెళ్ళొచ్చే ఇంజను సరిగా వేడెక్కదు, కాలని పెట్రోలు కొంచెం ఆయిల్లోకి దిగుతుంది. తాగినంతా పెట్రోలు భర్తీ చేస్తుంది కాబట్టి గీత కదలదు, మనం మురిసిపోతాం. హైవే ఎక్కి రెండొందల కిలోమీటర్లు తోలగానే పెట్రోలు ఆవిరై అసలు రంగు బయటపడుతుంది.

ఇక ఆ ఎర్ర దీపం. గోదారికి కూడా ధవళేశ్వరం దగ్గర డిప్‌స్టిక్ ఉంది. నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకి నది మధ్య లంకల్లో వాళ్ళు గొడ్లని గట్టెక్కిస్తారు, రెండోదానికి మూటలు సర్దుతారు, మూడోదానికి దేవుడే దిక్కు. కారులో చాలామంది మొదటి హెచ్చరిక అనుకునే ఆ కూజా దీపం, నిజానికి మూడోది. చాలా బళ్ళలో అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఆయిల్ ప్రెజరు పడిపోయిందని చెబుతుంది. మలుపులో ఉన్న కాస్త ఆయిల్ పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చినప్పుడు వెలుగుతుంది, అంటే ఆ క్షణం బేరింగులు ఎండు గొంతుతో తిరుగుతున్నాయన్నమాట. మొదటి హెచ్చరిక డిప్‌స్టిక్ మీద కింది గీత. దాన్ని చూడ్డమే మర్యాద కాదని కదా మనం మొదట్లోనే అనుకున్నాం.

ఇదంతా మా మావయ్యగారికి చెప్పాను. ఆయన కారు తోలరు, వరి పండిస్తారు. మొత్తం విని, చుట్ట పక్కన పెట్టి, "అయితే తరుగు తీశారన్నమాట అల్లుడుగారూ" అన్నారు.

"తరుగు కాదండీ, నార్మల్ అన్నారు."

"అదేనండీ. ధాన్యం మిల్లుకి తోలితే తేమ పదిహేడు శాతం దాటిందని మాకు తరుగు తీస్తారు. బంగారం కొట్లో తరుగు వేస్తారు. మేము పోగొట్టుకుంటే తరుగు, మీ కంపెనీ ఇంజను పోగొడితే నార్మలా? నేనూ రేపు మిల్లు దగ్గర ఓ పుస్తకం చూపిస్తా. బస్తాకి ఇంత తడి మా చేలో నార్మలేనండీ, సన్నక్షరాలు చూసుకోండి అంటా. ఏమంటాడో చూద్దాం."

ఏమంటాడో నాకు తెలుసు, అందుకే మాట మార్చి బయటికొచ్చాను. ఆయన కూడా వెనకే వచ్చి బానెట్ ఎత్తమన్నారు. బండి గట్టు వాలు మీద ఉంది. అలా చూస్తే లెక్క తప్పుతుందండీ, చదునుగా ఉన్నచోట ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాలి అన్నాను. చదునుకి డెల్టాలో కరువేమీ లేదు కానీ మేం బళ్ళు పెట్టేది ఎప్పుడూ గట్టు మీదే. కళ్ళంలోకి దింపి, ఆయన పంచె కొంగుతోనే పుల్ల తుడిచి, ముంచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తలకట్టు చూసి దిగుబడి చెప్పేవాడిలా, "ముప్పాతిక తక్కువండీ" అన్నారు. పోస్తే సరిగ్గా ముప్పావు లీటరు పట్టింది.

బయల్దేరేటప్పుడు అత్తగారు ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, సున్నుండలు, కొత్తావకాయ జాడీతోపాటు లీటరు ఆయిల్ డబ్బా కూడా డిక్కీలో సర్దించారు. అల్లుడికి పెట్టి అల్లుడి బండికి పెట్టకపోతే బావుండదట. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోను చేసి, స్పీకరు పెట్టి మరీ అడుగుతున్నారు, "ఈ వారం ఎంత తాగిందండీ?" అని. నేను "పావు లీటరేనండీ" అంటే "అయ్యో, పోన్లెండి, పొయ్యండి, పొయ్యండి" అంటారు.

పక్కింటివాళ్ళు మా ఆవిణ్ణి అదోలా చూడ్డం మొదలెట్టి రెండు నెలలైంది.