పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకోరు

"పెద్దవాళ్లకు టెక్నాలజీ అంటే భయం, పిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకుంటారు" అని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటను నేను ఒప్పుకోలేను. ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోన్. పొద్దున్నే అది నాన్నతో పాటు పనికి వెళ్లిపోయేది. టీవీలో పాఠం వచ్చేది గానీ, అర్థం కాకపోతే ఆపి అడిగే వీల్లేదు. అప్పుడు సాయంత్రాలు వాట్సాప్‌లో పిల్లల నోట్సు ఫొటోలు తెప్పించుకుని, ఓపిగ్గా దిద్ది పంపింది రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మా తెలుగు మాస్టారే.

రీల్స్ చకచకా తిప్పే పిల్లాడికి గూగుల్‌లో దొరికిన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడం రాదు. ఎవరైనా పక్కన కూర్చుని నేర్పాల్సిందే. నెట్‌కు కొదవలేని స్వీడన్ కూడా 2023లో బడుల్లో మళ్లీ అచ్చు పుస్తకాల కోసం నిధులు కేటాయించింది. తాతల తరాన్ని తప్పుపట్టే బదులు, ట్యాబ్‌లు ఇచ్చిన తరగతుల్లో చెప్పే టీచర్లు సరిపడా ఉన్నారా అని వ్యాసకర్త అడిగి ఉండాల్సింది.