అమ్మేశాక ధర చెప్పే హక్కు అందరికీ ఇవ్వాలి

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు బిల్లు చూసి విసుక్కునేవాళ్లే గానీ, అందులోని మేధస్సును గుర్తించి నాలుగు మంచి మాటలు చెప్పినవాళ్లు నాకింతవరకు కనబడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. లోకంలో వ్యాపారం పుట్టినప్పటి నుంచి ఒక దిక్కుమాలిన ఆచారం నడుస్తోంది: ముందు ధర చెప్పాలి, ఆ తర్వాతే సరుకు ఇవ్వాలి. గంపలో వంకాయలు పెట్టుకుని వీధివీధి తిరిగే అవ్వ కూడా దీన్ని దాటలేకపోయింది. దాటినవి మన డిస్కమ్‌లు, అంటే ఇంటింటికీ కరెంటు పంచి బిల్లు వేసే సంస్థలు.

బిల్లు పైభాగంలో విశేషమేమీ ఉండదు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పున, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, ఆ పైన 400 దాకా రూ.8.75, అదీ దాటితే రూ.9.75. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఈ లెక్కన రూ.867 అవుతుంది. తర్వాత ఫిక్స్‌డ్ ఛార్జీ, మంజూరైన లోడులో కిలోవాట్‌కు 10 రూపాయలు. ఇంటికి తాళం వేసి కాశీకి వెళ్లినా ఇది ఆగదు. కస్టమర్ ఛార్జీ ఒకటుంది, కస్టమర్ అయిన పాపానికి. ప్రభుత్వానికి యూనిట్‌కు 6 పైసల సుంకం. ఈమాత్రం బిల్లు ఎవరైనా వేయగలరు. అసలు ప్రతిభ అంతా ఆ కింది వరుసల్లో ఉంది.

ఎఫ్‌పీపీసీఏ. పేరు చూసి భయపడకండి, భయపెట్టడానికే పెట్టారు. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అని అర్థం. బొగ్గు ధర పెరుగుతుంది, ఎండాకాలంలో బయటి మార్కెట్‌లో కరెంటు అనుకున్నదానికన్నా ఎక్కువ పెట్టి కొంటారు, ఆ తేడా మనం కట్టాలి. ఇందుకోసం 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా తీసుకుంటున్నారు. మన 200 యూనిట్ల ఇంటికి 80 రూపాయలు. అదీ చాలకపోతే ఏడాది గడిచాక లెక్క కట్టి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతారు. ఆ 40 పైసలు మొదలవకముందటి 2022-23కు రూ.6,072 కోట్లు తేలాయి. 2024 డిసెంబర్ నుంచి 15 నెలల వాయిదాలు. ఊపిరి పీల్చుకునేలోపే 2023-24కు రూ.9,412 కోట్లు తేలాయి. అప్పటికే వసూలైన 40 పైసలు పోను మిగతాది 24 నెలల వాయిదాలు. వీటికి ముందు ట్రూ-అప్ అనే పెద్దన్న ఉన్నాడు. 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ల లెక్కల తేడా 2022 ఆగస్టులో బిల్లులోకి దిగింది. 2015 వేసవిలో తిరిగిన ఫ్యానుకు 2023 వేసవిలో కూడా డబ్బు కట్టామన్నమాట. ఆ ఫ్యాను అప్పటికే పాత ఇనుప సామాన్ల బండెక్కి వెళ్లిపోయింది.

ఇందులో ఇంకో అందం ఉంది. ఈ బాకీ మనిషి వెంట పడదు, మీటరును అంటిపెట్టుకుని ఉంటుంది. 2022లో ఒక అద్దె వాటాలో రాత్రీ పగలూ ఏసీ ఆపకుండా నడిపినాయన బదిలీ మీద ఎటో వెళ్లిపోయాడు. రెండు ట్యూబులైట్లు, ఒక చిన్న ఫ్రిజ్‌తో అదే వాటాలో కాపురం పెట్టిన కొత్త జంట బిల్లులో ఆయన ఏసీ ప్రత్యక్షమవుతుంది, నెల పేరుతో సహా. ఓనరు గారిని అడిగితే, “మీటరు మీద వచ్చింది కదమ్మా, ఇంట్లో ఉన్నవాళ్లే కట్టుకోవాలి” అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి చల్లగా పడుకున్నందుకు మనం డబ్బు కట్టడం ఎంత గొప్ప త్యాగమో ఆ జంటకు అర్థం కావడం లేదు. పోనీ పాత బిల్లు తీసి సరిచూద్దామంటే, రీడింగ్ మిషన్ నుంచి చించిచ్చే ఆ నాజూకు కాగితం సంగతి తెలిసిందే. బీరువాలో నాలుగు నెలలుంటే అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది. ఆ నెల ఎంత కాల్చారో వాళ్ల కంప్యూటరుకు గుర్తుంటుంది, మన దగ్గరున్న రుజువు మాత్రం ఆవిరైపోతుంది.

ఇంత అవస్థ ఎందుకు, ధరే పెంచొచ్చు కదా అనేవాళ్లకు చరిత్ర తెలియదు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో అలాగే బాహాటంగా పెంచారు. ఊరూరా ఆందోళనలు లేచాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పాలకులకు అప్పుడు బోధపడింది: ధర పెంచితే జనం రోడ్డెక్కుతారు, అదే సర్దుబాటు చేస్తే కళ్లజోడు వెతుక్కుంటారు. ఇప్పుడు ఏటా టారిఫ్ వచ్చే రోజున ‘ఇళ్లకు ఛార్జీలు పెంచలేదు’ అని చెబుతుంటే వినసొంపుగా ఉంటుంది. అక్షరాలా నిజం కూడా. పెంచలేదు, సర్దారు. 2022లో ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశం ‘బాదుడే బాదుడు’ అంటూ ఊళ్లు తిరిగింది. 2024 డిసెంబర్‌లో, ప్రతిపక్షంలోకి వచ్చిన వైఎస్సార్‌సీపీ అవే బిల్లులు పట్టుకుని పోరుబాట పట్టింది. పాపం మాది కాదు, వాళ్లది అనే మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే.

అన్యాయంగా మాట్లాడకూడదు, వెనక్కి కూడా ఇస్తారు, దాని పేరు ట్రూ-డౌన్. 2024-25కు రూ.923 కోట్లు ఎక్కువ లాగేశారని తేలింది. 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గింపు. 200 యూనిట్ల ఇంటికి నెలకు 26 రూపాయలు. దీన్ని మాత్రం అందరికీ అర్థమయ్యేలా విడమరిచి చెప్పారు.

తెలంగాణ వాళ్లు ఇదే శిఖరాన్ని వేరే దారిలో ఎక్కారు. గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 201వ యూనిట్ తిరిగిందా, వెనకటి 200 యూనిట్లకూ ధర పుట్టుకొస్తుంది. యూనిట్‌కు రూ.5.10 చొప్పున 1,020, ఆ చివరిదానికి 7.70, పైన మామూలు వడ్డనలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి పైమాటే! రెండు వేల వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్. అందుకే నెలాఖరులో “రేపు రీడింగ్‌కొస్తరు, గీజర్ బంద్ జెయ్ బిడ్డా” అని పెద్దాయన కేకేస్తే అది పిసినారితనం కాదు, ఆర్థికశాస్త్రం.

గ్యాస్‌ది తిరగేసిన వ్యవహారం. అక్కడ ధర ముందే తెలుస్తుంది, ఉచితమన్నదే తర్వాత తెలుస్తుంది. ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అంటే, ముందు మొత్తం డబ్బు కట్టి, అది ఖాతాలో పడిందో లేదో ఫోన్‌లో మెసేజ్ కోసం చూస్తూ ఉండాలి. తెలంగాణ 500 రూపాయల సిలిండర్‌కూ అదే తంతు. సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం వేసి ఇచ్చే బిల్లు ధరలోనే ఇంటికి తెచ్చివ్వడం కూడా కలిసి ఉంటుంది. అయినా సిలిండర్ దించి తుండుతో చెమట తుడుచుకుంటూ ఆ కుర్రాడు, “మూడో అంతస్తమ్మా, యాభై ఇవ్వండి” అంటాడు. బిల్లులో లేని ఈ ఒక్క ఛార్జీయే అందరికీ అర్థమవుతుంది. ఎంత, ఎందుకు, ఎవరికి, అంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. అతన్ని నియంత్రణ మండలిలో వేస్తే మన కరెంటు బిల్లు నాలుగు వరుసల్లో ముగిసిపోతుంది. అందుకే వేయరు.

నా మనవి ఒక్కటే. ఇంత గొప్ప సూత్రాన్ని డిస్కమ్‌లకే పరిమితం చేయకుండా ప్రజలందరికీ ఇవ్వాలి. (ఉద్యోగుల డీఏ బకాయిల దగ్గర ప్రభుత్వానికి ఈ పాత లెక్కల మీద ఇంత శ్రద్ధ ఎందుకుండదో అడిగి ఇబ్బంది పెట్టను.) పెళ్లిళ్లతో మొదలుపెట్టొచ్చు. ఎప్పుడో ఒక పెళ్లికి వెళ్లి, 516 చదివించి, కడుపునిండా తిని వచ్చాం. ఆ రోజు జీడిపప్పు అంచనాకు మించి పడిందని, వంటవాళ్ల కూలి పెరిగిందని పెళ్లికూతురి నాన్న ఇప్పుడు లెక్క తేల్చి, విస్తరికి ఇంత చొప్పున 36 వాయిదాలు వేయొచ్చు. పూర్ణం బూరె రెండోసారి వడ్డించలేదు కాబట్టి మనం ట్రూ-డౌన్ అడగొచ్చు, 13 పైసలకు తగ్గకుండా. మన అడ్రసు దొరకలేదనుకోండి, ఆయనకేం నష్టం లేదు. కల్యాణ మండపం ఎక్కడికీ పోదు కదా. ఈ ముహూర్తానికి ఆ బంతిలో ఎవరు కూర్చుంటే వాళ్లే కట్టుకుంటారు.