సెయింట్లంతా యూరప్ వాళ్ళేనా?

డిసెంబరు వచ్చిందంటే వాట్సాప్‌లో ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది: "తొలినాటి సెయింట్లంతా యూరప్ వాళ్ళే. నికొలస్‌ది మంచుదేశం, జార్జ్‌ది ఇంగ్లండ్, అగస్టీన్‌ది ఇటలీ. మఠాలు పుట్టిందీ అక్కడే." చిత్రమేమిటంటే దీన్ని క్రైస్తవాన్ని తిట్టేవాళ్ళూ పంపుతారు, గోడ క్యాలెండర్లో నీలికళ్ళ బొమ్మలు చూస్తూ పెరిగిన విశ్వాసులూ పంపుతారు.

ముందు నికొలస్, అంటే క్రిస్మస్ తాత శాంటాక్లాజ్ కథకు మూలమైన సెయింట్. 4వ శతాబ్దంలో ఆయన బిషప్‌గా ఉన్న ఊరు మైరా. తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి. ఖైదీగా రోముకు పోతూ పౌలు ఓడ మారిన ఊరు, లుకియలోని మూర, ఇదే. ఇప్పటి పేరు దెమ్రె. టర్కీ దక్షిణ తీరంలో, గ్రీన్‌హౌసుల్లో టమాటా పండించే వెచ్చటి ప్రాంతం. అక్కడ మంచుబండికేం పని? ఆయన ఎముకలు ఇటలీలోని బారికి చేరింది 1087లో, అదీ ఆ ఊరి నావికులు ఎత్తుకుపోతే. చనిపోయిన ఏడు వందల ఏళ్ళకు గానీ యూరప్ చేరని మనిషి అక్కడివాడెలా అవుతాడు?

జార్జ్ గురించి చరిత్ర తక్కువ, కథ ఎక్కువ. డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో, 303 ప్రాంతంలో చంపారనీ, సమాధి లుద్దలో ఉందనీ సంప్రదాయం. లుద్ద అంటే పేతురు ఐనెయను బాగుచేసిన ఊరు, నేటి ఇజ్రాయెల్‌లోని లోద్. ఆయన డ్రాగన్‌ను చంపిన కథ తర్వాతెప్పుడో వచ్చి చేరింది. జార్జ్ కాలానికి ఇంగ్లండ్ అనే రాజ్యమే లేదు. మద్రాసు కోటకు ఇంగ్లీషువాళ్ళు ఆయన పేరు పెట్టేసరికి మనకాయన ఇంగ్లీషువాడైపోయాడు.

అగస్టీన్ విషయంలో మెసేజ్‌కు చిన్న ఆధారం ఉంది. ఆయన బాప్తిస్మం తీసుకున్నది మిలాన్‌లోనే, 387లో. కానీ ఇటలీలో ఉన్నది ఐదేళ్ళే. పుట్టింది 354లో తగాస్తెలో, అంటే నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్‌లో. చదువు నేటి ట్యునీషియాలోని కార్తేజ్‌లో. 388లో సొంత గడ్డకు తిరిగొచ్చి, అక్కడి హిప్పో పట్టణానికి బిషప్ అయి, మళ్ళీ సముద్రం దాటలేదు. 430లో వాండల్ సేనలు ఊరిని ముట్టడించి ఉండగా అక్కడే కన్నుమూశారు.

ఇక మఠాలు. ఈజిప్టు ఎడారిలో ఆంటొనీ ఒంటరి తపస్సుకు పోయింది 3వ శతాబ్దంలో. 320 ప్రాంతంలో పకోమియస్ నైలు ఒడ్డున సన్యాసులందరూ ఒకేచోట ఉండే మఠం పెట్టారు. ఇటలీలో బెనెడిక్ట్ మాంటె కసీనో మఠం కట్టింది దాదాపు 529లో, రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా. పైగా ఆయన రాసిన నియమావళి చివరి అధ్యాయంలో, ఇంకా ముందుకు వెళ్ళాలనుకునేవాళ్ళు పూర్వ తండ్రుల చరిత్రలూ, 'మన పరిశుద్ధ తండ్రి' బాసిల్ నియమావళీ చదవాలన్నారు. ఆ బాసిల్‌ది కప్పదొకియ. అదీ టర్కీయే.