పిల్లల సైన్సు పుస్తకాల్లో నెల్లూరు వాన కురవాలి

జూన్ రాగానే వానాకాలం మొదలవుతుందని చిన్నపిల్లల పుస్తకాలు చెబుతాయి. బొమ్మలో ఒక పాప గొడుగు పట్టుకుని బడికి వెళ్తుంటుంది, పక్కన గుంటలో కప్ప నవ్వుతుంటుంది. అదే జూన్‌లో నెల్లూరులోనో కందుకూరులోనో ఆ పేజీ తిప్పుతున్న ఆరేళ్ల పిల్ల తలెత్తి చూస్తే బయట వడగాలి కొడుతుంటుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటి ఇటు వచ్చేసరికి వాటిలోని తేమ చాలావరకు అక్కడే రాలిపోతుంది. మన తీరానికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య గాలులు బంగాళాఖాతం మీదుగా తేమ నింపుకుని వచ్చినప్పుడు పడుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది పొడవునా కురిసే వానలో సగానికి పైగా ఈ మూడు నెలలదే. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల కోసం ఇక్కడి రైతు ఎందుకు ఎదురుచూస్తాడో ఇందులోనే ఉంది.

ఆ పిల్లకు పుస్తకంతో వాదించే వయసు లేదు. అచ్చులో ఉన్నదే నిజమని పెద్దలు నేర్పారు కాబట్టి, పుస్తకంలో ఉండేది వేరే లోకమని, దానికీ తన వీధికీ సంబంధం లేదని అనుకుని ఊరుకుంటుంది. పరీక్షలో ‘జూన్’ అని రాసి మార్కు తెచ్చుకుంటుంది. సైన్సు పట్ల మన పిల్లలకు ఆసక్తి తగ్గిపోతోందని బాధపడేవాళ్లు హైస్కూలు దగ్గర కారణాలు వెతుకుతున్నారు. కారణం ఇంకా ముందే, నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లల చేతికి వచ్చే మొదటి పుస్తకాల్లో ఉందని నా నమ్మకం.

ఈ వయసు పిల్లలకు మన ఊళ్లలో దొరికే సైన్సు పుస్తకాలు ఎలాంటివి? బస్టాండు దుకాణంలోనూ స్టేషనరీ షాపులోనూ ఎక్కువగా కనిపించేవి అట్ట పేజీల బొమ్మల పుస్తకాలు: పండ్లు, జంతువులు, వాహనాలు. ఒక పేజీకి పన్నెండు బొమ్మలు, కింద పేర్లు, అంతే. పెంగ్విన్ ఉంటుంది, ధ్రువపు ఎలుగుబంటి ఉంటుంది, ఎండ్రకాయ ఉండదు. కాస్త పెద్ద పిల్లలకైతే జనరల్ నాలెడ్జి పుస్తకాలు: అతి పెద్ద గ్రహం ఏది, అతి పొడవైన నది ఏది. వీటితో పోటీ పరీక్షకు తయారుకావచ్చు కానీ గమనించడం అలవాటు కాదు. ఇక మూడో రకం, చెట్టు చేత మాట్లాడించి చివర్లో ‘కాబట్టి పిల్లలూ, చెట్లను కాపాడాలి’ అని నీతి చెప్పేవి. వాటి మీద నాకు కోపమే ఉంది. చెట్టు ఏం తిని బతుకుతుందో, ఆకు రాలితే దానికి ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పకుండా దాన్ని ప్రేమించమని పిల్లలను ఎలా అడుగుతాం?

మన చేతిలో ఉన్న వస్తువు చూడండి. పాత నెల్లూరు జిల్లాలో భాగమై, 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లిన నేలపట్టు చెరువునే తీసుకుందాం. ఈశాన్య వానలకు చెరువు నిండుతుంది. నీళ్లలో నిలబడి ఉన్న చెట్ల మీద గూడబాతులు వందల సంఖ్యలో గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా అవి అక్కడే గుడ్లు పెట్టి పొదిగి పిల్లలను పెంచుతాయి. అప్పుడే ఎందుకు వస్తాయి? చెరువులో చేప ఉంటుంది, చెట్టు చుట్టూ నీరు ఉంటే నేల మీది జంతువులు గూటి దాకా రాలేవు. పిల్ల పక్షి తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి తల దూర్చి తింటుంది. ఆ ఒక్క దృశ్యం చాలు, నాలుగేళ్ల పిల్లవాడు పేజీ మీద వేలు పెట్టి ‘అది దాన్ని మింగేస్తోందా?’ అని అడగడానికి. మింగడం లేదని చెప్పి ఊరుకునే పుస్తకం మామూలుది. తల్లి చేపను ఎక్కడ పట్టింది, ఎలా దాచింది, పిల్ల పెద్దయ్యేకొద్దీ తినే తీరు ఎలా మారుతుంది అని వరసగా నాలుగు బొమ్మల్లో చూపి, ఐదో బొమ్మలో దుర్భిణి పట్టుకున్న మనిషిని కూర్చోబెట్టే పుస్తకం మంచిది. ఈ సంగతులన్నీ ఎవరో ఓపిగ్గా కూర్చుని చూసి రాసుకుంటేనే తెలిశాయని ఆ ఐదో బొమ్మ చెబుతుంది. పిల్లల సైన్సు పుస్తకంలో నేను మొదట వెతికేది ఆ బొమ్మనే. ‘ఇది మనకు ఎలా తెలిసింది’ అన్న ప్రశ్న లేకపోతే, ఎంత రంగుల పుస్తకమైనా వట్టి సమాచారమే.

అదే చెరువు నీళ్లు పొలాలకు పారతాయి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని చుట్టుపక్కల రైతులకు తెలుసు. వాన, చెరువు, చేప, పక్షి, రెట్ట, వరి: ఇరవై నాలుగు పేజీల పుస్తకానికి ఇంతకన్నా చక్కని వరస ఏ దేశంలో దొరుకుతుంది? పులికాట్‌లో రాజహంసలు తలకిందులుగా ముక్కు ముంచి నీటిని వడకట్టి తినడం, ఆ తిండిలోని రంగు పదార్థాల వల్లే వాటి ఈకలు గులాబీ రంగు తేలడం ఇంకో పుస్తకం. ఏడాది మొదటి నెలల్లో రాత్రిపూట మన తీరపు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లే సముద్రపు తాబేళ్లు మరొకటి. ఒక్కో గుంటలో వందకు అటూ ఇటూగా గుడ్లుంటాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు, కాస్త చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. ఈ మాట విన్న పిల్లలు వెంటనే ఇసుక మీద చెయ్యి పెట్టి చూస్తారు. సైన్సు మొదలయ్యేది ఆ చెయ్యి పెట్టడంతోనే.

చీమకుర్తి నల్లరాయి మన ఇళ్లలో వంటగట్టు మీదా, గుళ్లలో నేల మీదా ఉంది. నల్లని రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కాబట్టి వ్యాపారులు దానికి గెలాక్సీ అని పేరు పెట్టారు. దగ్గరగా కన్ను పెట్టి, టార్చిలైటును పక్క నుంచి వేసి చూస్తే ఆ చుక్కలు కొన్ని వెలిగి, తల కాస్త తిప్పగానే ఆరిపోయి, మరికొన్ని వెలుగుతాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజం పలకలు. ఒక్కో పలక ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది కాబట్టి ఒకేసారి అన్నీ మెరవవు. భూమి లోపల కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారడం వల్ల అంత పెద్ద పలకలు పెరిగాయి. వ్యాపారంలో గ్రానైట్ అని పిలుస్తున్నా భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని గాబ్రో అనే మరో రాతి జాతిలో చేరుస్తారన్నది కూడా పిల్లలకు చెప్పాలి, దాచనక్కర్లేదు. ఖర్చు లేదు, పరికరం లేదు, వంటింట్లోనే భూగర్భ శాస్త్రం ఉంది. అయినా రాళ్ల గురించి పిల్లల పుస్తకం తెరిస్తే కనిపించేది ఎక్కడిదో అగ్నిపర్వతం.

ఒంగోలు గిత్తదీ అదే సంగతి. మన పశువులు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ జాతిగా కోట్లకు పెరిగాయని పెద్దలు గర్వంగా చెబుతారు. గర్వం మంచిదే. కానీ పిల్లవాడికి ఉపయోగపడే ప్రశ్న వేరు: అంత దూరం, అంత వేడి దేశంలో అవి ఎలా నిలబడ్డాయి? తెల్లని వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, దాని కింద నల్లని చర్మం ఉంటుంది, మెడ కింద గంగడోలు వేలాడుతుంది, చెమట బాగా పడుతుంది. ఇవన్నీ సంక్రాంతి నాడు పశువును కడిగే పిల్లవాడు చేత్తో తడిమి తెలుసుకోగలిగినవే.

ఆకాశం గురించి మాత్రం మన పిల్లల పుస్తకాలకు కొరత లేదు. శ్రీహరికోట పక్కనే ఉండటం వల్ల రాకెట్ బొమ్మ గీయని పిల్లవాడు ఈ ప్రాంతంలో ఉండడు. 1971లో, వాతావరణం పైపొరల్ని పరిశీలించే చిన్న సౌండింగ్ రాకెట్‌తో మొదలైన ఆ కేంద్రం నుంచే 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లింది. అయితే ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం పేర్లూ తేదీలే. రాకెట్ తూర్పు వైపే ఎందుకు వంగుతుందన్నది చెప్పిన పుస్తకం అరుదు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది, శ్రీహరికోట దగ్గర ఆ వేగం సెకనుకు దాదాపు 450 మీటర్లు. ఆ ఊపు రాకెట్‌కు ఉచితంగా దొరుకుతుంది, పైగా ముందున్నది సముద్రం. మేడ మీద నిలబడి పొగచారను చూసే పిల్లకు ఈ రెండు వాక్యాలు ఇవ్వలేమా?

తెలుగులో ఈ పని చేసినవాళ్లు లేరని నేను అనడం లేదు. విశాలాంధ్ర దుకాణాల్లో తక్కువ ధరకు దొరికిన సోవియట్ అనువాదాలతో ఒక తరమే సైన్సులోకి వచ్చింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికను పల్లె బడుల దాకా తీసుకెళ్లింది. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటివారు తెలుగులో సైన్సును ఎంత హాయిగా చెప్పవచ్చో చూపించారు. ‘మంచి పుస్తకం’ అనే సంస్థ ప్రచురణలు, ప్రథమ్ బుక్స్ ఉచితంగా నెట్‌లో పెట్టిన తెలుగు పుస్తకాలు ఈనాటి తల్లిదండ్రులకు పెద్ద ఆసరా. కానీ ఈ కృషిలో ఎక్కువ భాగం చదవడం బాగా వచ్చిన పిల్లల కోసం జరిగింది, లేదా బయటి నుంచి వచ్చిన పుస్తకాన్ని తెలుగు చేయడంగా జరిగింది. ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లకు, ఒడిలో కూర్చోబెట్టుకుని చదివి వినిపించాల్సిన పిల్లకు, తన నేల మీది సంగతులతో వచ్చినవి చాలా తక్కువ.

సొంత ఊరి సంగతి పుస్తకంలోకి వస్తే ఏమవుతుందో ఈ దేశంలో అందరికన్నా ముందు తెలియాల్సింది నెల్లూరు జిల్లాకే. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కోసం తయారైన వాచకాల్లో తమ బతుకు, తమ ఇళ్లలోని సారా గొడవ పాఠంగా కనిపించేసరికి దూబగుంట స్త్రీలు దాన్ని చదివి ఊరుకోలేదు. ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ కథ మళ్లీ వాచకంలోకి ఎక్కి మిగతా ఊళ్లకు చేరింది, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అది పెద్దల విషయం, పిల్లలది వేరు అనేవాళ్లుంటారు. కొత్తగా అక్షరం నేర్చినవారు ఏ వయసువారైనా, పేజీలో తమను తాము చూసుకున్నప్పుడు చదివే తీరే మారిపోతుందని అక్కడ రుజువైంది.

మరో సంగతి కూడా మనసులో ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ పక్షులు, చీమలు, పాముల మీద రాసినవి ఇప్పటికీ శాస్త్రజ్ఞులు చూస్తారు. ఇక్కడి జీవజాలం గురించి ఆయన యానాదులను అడిగి తెలుసుకున్నాడు. ఆ యానాదుల పిల్లలు నేడు బడిలో వెనక వరసలో కూర్చుంటున్నారు. ఏ బొరియలో ఎలుక ఉందో, ఏ కాలువలో ఏ చేప ఎప్పుడు ఎక్కుతుందో టీచరు కన్నా వాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివిని సైన్సుగా గుర్తించే ఒక్క బొమ్మల పుస్తకం తరగతిలో ఉంటే, ఆ పిల్లవాడు ముందు వరసకు వచ్చి మాట్లాడతాడు.

చిన్నపిల్లలకు కష్టమైన విషయాలు చెప్పవచ్చా అని కొందరు సందేహిస్తారు. కనిగిరి వైపు వెళ్లి చూడండి. భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్న పిల్లలు కనిపిస్తారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. నీళ్లు కాచినా అది పోదు. శాశ్వత దంతాల పైపొర చిగుళ్ల లోపల తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు. అంటే మనం చిన్నపిల్లలు కదా అని ఏ వయసు వాళ్లకు చెప్పకుండా దాటేస్తున్నామో, నష్టం జరిగేది సరిగ్గా ఆ వయసులోనే. ఈ విషయం భయపెట్టకుండా బొమ్మలతో చెప్పవచ్చు: వాన నీరు, రాయి, బోరు, గ్లాసు, పన్ను. పిల్ల ఇంటికి వెళ్లి ‘మన నీళ్లు ఏ బోరువి?’ అని అడిగితే ఆ పుస్తకం సగం పని చేసినట్టే. తుఫానుల గురించీ, రొయ్యల చెరువుల వల్ల పక్క బావి ఉప్పదనం ఎక్కడం గురించీ కూడా అంతే సూటిగా చెప్పాలి.

ఖర్చు సంగతి వస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వెళ్లాలి. జిల్లా, శాఖా గ్రంథాలయాలకు వెళ్తే పోటీ పరీక్షల పుస్తకాల బల్లల దగ్గర చోటు దొరకదు, పిల్లల అర దగ్గర ఎవరూ ఉండరు. ఉన్న పుస్తకాల్లో నీతికథలే ఎక్కువ. కొనుగోలులో కొంత భాగం ఎనిమిదేళ్లలోపు పిల్లల సైన్సు పుస్తకాలకని కచ్చితంగా కేటాయిస్తే ప్రచురణకర్తలకు ధైర్యం వస్తుంది. రాసేవాళ్లు ఇక్కడే ఉన్నారు: బడి టీచర్లు, అటవీ శాఖ ఉద్యోగులు, పశువైద్యులు, క్వారీల్లో పనిచేసే భూగర్భ శాస్త్రవేత్తలు. వాళ్ల దగ్గర విషయం ఉంది. దాన్ని చిన్న వాక్యాల్లోకి తెచ్చే సంపాదకుడు, చూసి గీసే చిత్రకారుడు తోడు కావాలి. నెట్‌లోంచి తీసిన బొమ్మ అతికిస్తే గూడబాతు స్థానంలో అమెరికా పెలికాన్ వచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లీషు మీడియం వచ్చాక తెలుగు పుస్తకం ఎవరు చదువుతారన్న మాటకు నా జవాబు చిన్నది. ఐదేళ్ల పిల్లకు పుస్తకం చదివి వినిపించేది అమ్మ, నాన్నమ్మ, అంగన్‌వాడీ టీచరు. వాళ్లు తడుముకోకుండా చదవగలిగేది, మధ్యలో ఆపి తమకు తెలిసింది చేర్చగలిగేది తెలుగులోనే. ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ అచ్చువేసినా నాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పటికే ఆ పద్ధతిలో వచ్చాయి.

ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి కనిగిరి నీళ్ల పుస్తకంతో మొదలుపెట్టమని నేను అడుగుతాను. పదహారు పేజీలు చాలు. రెండు పేజీలు ఖాళీగా వదలాలి. ఆ ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించి, టీచరు, పిల్లలు కలిసి అక్కడ రాసుకోవాలి. మచ్చలు పడ్డాక కాకుండా ముందే చేరాలి కాబట్టి, హైస్కూలుకు పంపేముందు ఆ ప్రాంతంలోని అంగన్‌వాడీలకు ఇవ్వాలి.