షుగర్ రిపోర్టు సరే, సాక్సులు ఎవరు విప్పిస్తారు?

మన హైదరాబాద్‌లో షుగర్ చెకప్ అంటే పరగడుపున ఒకసారి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఇంకోసారి రక్తం ఇవ్వడం. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు, మూడు నిమిషాల్లో మాత్ర మార్పు. సాక్సులు విప్పమనే డాక్టర్ అరుదు. "రాత్రి నిద్ర పడుతోందా, మనసెలా ఉంది?" అని అడిగేవాళ్లు ఇంకా అరుదు. నా కోపమంతా దీని మీదే.

షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం సాధారణంగా కాలివేళ్ల చివర్ల నుంచి మొదలవుతుంది. తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, రాత్రి దుప్పటి తగిలినా మంట. మంట ఉన్నన్నాళ్లూ మనిషి కనీసం నోరు తెరిచి చెప్తాడు. పాదం మొద్దుబారాకే అసలు ప్రమాదం. హవాయి చెప్పు జారిపోతుంది, నాలుగడుగులు వేసి కిందికి చూసుకుంటే గానీ తెలీదు. ఇంట్లోవాళ్లు "మతిమరుపు" అని నవ్వుతారు. మే నెలలో గుడి బండల మీద చెప్పుల్లేకుండా మూడు ప్రదక్షిణలు చేస్తే సాయంత్రానికి అరికాలంతా బొబ్బ. నొప్పి లేదు కదా, ఎవరికీ చెప్పరు. అదే పుండవుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్లు మూసుకోమని చెప్పి ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకండి. నొక్కకూడదు, గీకకూడదు. ఆరు చోట్లలో రెండు, అంతకంటే ఎక్కువ తెలియకపోతే డాక్టర్‌ దగ్గరకు వెళ్లాల్సిందే. అక్కడ 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారంతో తాకి, ట్యూనింగ్ ఫోర్క్ అనే కంపించే లోహపు కడ్డీ ఆనించి స్పర్శ చూస్తారు. ఎక్కువమందికి ఉండే టైప్ 2 రకం వాళ్లకు షుగర్ బయటపడ్డప్పటి నుంచే ఏడాదికోసారి ఈ పరీక్ష జరగాలి.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 విటమిన్ తగ్గొచ్చు. తగ్గినా ఇవే తిమ్మిర్లు. అందుకే ఆ పరీక్షా అడగండి. అది మానేసి మెడికల్ షాపులో "నరాల ఇంజెక్షన్" పొడిపించుకోవద్దు. వాటిలో తరచుగా ఉండే బీ6 విటమిన్ మోతాదు మించితే అదే నరాలను దెబ్బతీస్తుంది. అన్నట్టు, గోడల మీద "నరాల బలహీనత" ప్రకటనలు రాసీ రాసీ ఆ మాటకే పరువు తీశారు. కాళ్లు మండుతున్నాయని చెప్పడానికి కూడా మగాళ్లు సిగ్గుపడుతున్నారు.

ఇక మనసు. రాత్రంతా మంట, నిద్ర లేదు, పొద్దున లేవబుద్ధి కాదు, వాకింగ్ బంద్, మాత్ర మర్చిపోవడం, షుగర్ మళ్లీ పెరగడం. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్ల కంటే సుమారు రెట్టింపు. "తిండి మీద కంట్రోల్ లేదు" అని దెప్పడం ఆపి రెండు ప్రశ్నలు అడగండి: గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? చాలా రోజులు ఉందంటే డాక్టర్‌కి చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడతారు.

డ్యులోక్సెటిన్ అనే మందు నరాల నొప్పికీ డిప్రెషన్‌కీ పనిచేస్తుంది. అందరికీ పడదు, డాక్టరే తేల్చాలి. చీటీ మీద పేరు గూగుల్‌లో చూసి "పిచ్చి మందు రాశాడు" అని మొదటి వారంలోనే పారేసేవాళ్లు బోలెడు. ఏ మందైనా నొప్పిని పూర్తిగా తీసేయడం అరుదు. సగం తగ్గినా గొప్పే. అది తెలియడానికీ కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, చిరాకు.

ఈసారి చెకప్‌కి సాక్సులు లేకుండా వెళ్లండి. డాక్టర్ రిపోర్టు తెరిచేలోపే పాదాలు ముందుకు చాపండి.