భావాలు లేకపోవడం కాదు, పోల్చుకోలేకపోవడం
అలెక్సిథైమియా (తన భావాలను తానే గుర్తించి మాటల్లో చెప్పలేకపోవడం) ఉన్నవాళ్లకి భావోద్వేగాలే ఉండవని ఒక వ్యాసంలో రాశారు, దీంతో ఏకీభవించలేను. గుండె దడ, కడుపులో బిగుతు, గొంతు పట్టేయడం వాళ్లకీ ఉంటాయి. అది భయమా, కోపమా, అలసటా అన్నది తేల్చుకోవడమే కష్టం. అందుకే కొందరు ముందు ఒంట్లో బాగోలేదని డాక్టరు దగ్గరికి వెళ్తారు. అలెక్సిథైమియాను కొలిచే టీఏఎస్-20 ప్రశ్నావళిలో స్కోరు 20 నుంచి 100 వరకు ఉంటుంది. 61, ఆపైన వస్తే ఈ లక్షణం ఉన్నట్టు లెక్క. కానీ తన భావాలు తనకే అందని మనిషి స్వయంగా నింపే ఫారం అది, పైగా డిప్రెషన్‌లో స్కోరు పెరుగుతుంది, కాబట్టి అదొక్కటే చూసి తేల్చేయకూడదు. ఇంట్లోవాళ్లు "నీకేమనిపిస్తోంది?" అని నిలదీస్తే "ఏమో" అనే జవాబే రావచ్చు, దయచేసి దాన్ని మొండితనం అనుకోకండి. "ఒంట్లో ఎక్కడ, ఎలా ఉంది? అంతకుముందు ఏం జరిగింది?" అని అడిగితే చెప్పడం వాళ్లకి తేలికవుతుంది.